మైనస్ తెలియని షీటు

మా బావకు కుదురు లేదు. ఇది నా ఒక్కడి మాట కాదు, ఆయన్ను ఎరిగిన వాళ్లందరి మాట. కూర్చుంటే కాలు ఊపుతాడు. నిలబడితే జేబులో తాళాలు గలగలలాడిస్తాడు. అన్నం తింటూ తింటూ లేచి, ఎవరో పిలిచినట్టు కిటికీలోంచి వీధిలోకి తొంగిచూసి, మళ్లీ వచ్చి కూర్చుంటాడు. పెళ్లయిన కొత్తలో మా అక్క నన్ను పక్కకు పిలిచి, "ఈయనకి ఎక్కడన్నా నొప్పేమోరా, నాతో చెప్పుకోలేకపోతున్నారేమో" అంది. నొప్పీ లేదు, పాడూ లేదు. మనిషి తీరే అంత.

అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం లారీలు తూచే కాటా దగ్గర. ఊరి చివర గోదాముల మధ్య ఉంటుంది అది. నేల మీద పరిచిన పొడవాటి ఇనుప పలక, దాని పక్కన ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న గది. గదిలో ఒక బల్ల, కంప్యూటరు, చీటీలు కొట్టే ప్రింటరు, మెడ తిరగని టేబుల్ ఫ్యాను. లారీ పలక మీదికి ఎక్కగానే గది మొత్తం అదురుతుంది. బల్ల మీది పెట్టెలో ఎర్ర అంకెలు పైకీ కిందికీ పరిగెడతాయి. అవి నిలబడేదాకా ఎవరూ కదలకూడదు. డ్రైవరు కూడా దిగి పక్కకు జరగాలి. అంకెలు నిలిచాక బావ వాటిని కంప్యూటర్లో కొట్టి, చీటీ చింపి, కిటికీలోంచి అందిస్తాడు. అన్నీ నిలకడగా ఉండవలసిన ఆ చోట ఎప్పుడూ ఆడుతూ ఉండేది ఒక్క మా బావ కాలే. అలా ఇరవై రెండేళ్లు ఆడించాడు.

అంతకు ముందు నాలుగేళ్లలో మూడు ఉద్యోగాలు వదిలేశాడు. బస్సు టికెట్ల కౌంటరు ఊపిరాడటం లేదని, కోల్డ్ స్టోరేజి చలికి కాళ్లు బిగుసుకుపోతున్నాయని, టైపు నేర్పే స్కూలు అందరూ ఒకే పేరా కొడుతుంటే పిచ్చెక్కిపోతోందని. కాటా దగ్గర మాత్రం నిలిచాడంటే అది మా అక్క చలవ. "ఇది కూడా మానేస్తే నేనూ మానేస్తాను" అందట. ఏం మానేస్తుందో ఆవిడ చెప్పలేదు, అడగడానికి ఈయనకు ధైర్యం చాలలేదు.

నాది పాత ఇనుము వ్యాపారం. ఒక చిన్న టెంపో ఉంది, వారానికి రెండుసార్లు సరుకు తూయించుకోవడానికి అక్కడికే వెళతాను. బావమరిదినన్న మొహమాటం ఆయనకు ఏ కోశానా లేదు. ఒక్క కిలో అటూ ఇటూ కానివ్వడు. "ఒరేయ్, మిషను ఎంత చెబితే అంత. మిషను నీకు బావ కాదు" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు చిర్రెత్తుకొచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటలోనే అంతా ఉంది అనిపిస్తుంది. ఆయన మనుషులను నమ్మడు, తనను తాను అసలే నమ్మడు, మిషనును నమ్ముతాడు.

షేర్ల పిచ్చి ఎలా పట్టుకుందో చెబుతాను. ఒక ఎండాకాలం సిమెంటు లారీలు రావడం తగ్గింది. రోజుకు ముప్పై వచ్చేవి పన్నెండుకు దిగాయి. బావ పని లేక ఆ లెక్క ఒక కాగితం మీద రాసుకున్నాడు. మూడు వారాలు గడిచాక పేపర్లో వార్త పడింది, ఆ సిమెంటు కంపెనీ అమ్మకాలు పడిపోయాయనీ, షేరు దిగిందనీ. ఆ రోజు మా ఇంటికి పేపరు చేత్తో ఊపుకుంటూ వచ్చాడు. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయాడు.

"నాకు ముందే తెలుసురా! పెద్ద పెద్దవాళ్లు సూటు వేసుకుని టీవీల్లో చెప్పేది నాకు మూడు వారాల ముందే తెలుసు. లారీ టైరు ఎంత నొక్కుకుందో చూస్తే కంపెనీ ఎలా ఉందో చెప్పేస్తా!"

నేను నవ్వాను. కాని, మాట కొట్టిపారేసేదిగా లేదు. ఆయన కిటికీ ముందు నుంచి సిమెంటు పోతుంది, పెయింటు పోతుంది, టైర్లు పోతాయి, పశువుల దాణా పోతుంది. దేశం ఏం కొంటోందో ఏం కొనడం లేదో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

అక్క మాత్రం నవ్వలేదు, గొడవా పడలేదు. ఆవిడ కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించే పని చేస్తుంది. అద్దం వెంట్రుకవాసి ఎక్కువ అరిగినా పనికిరాదు కాబట్టి ఏదైనా నిదానంగా చూసే అలవాటు. "చెయ్యండి. కాని ముందు ఒక ఏడాది ఉత్తుత్తిగా చెయ్యండి" అంది.

"ఉత్తుత్తిగా అంటే?"

"కొన్నట్టు రాసుకోండి, అమ్మినట్టు రాసుకోండి. డబ్బు మాత్రం తియ్యకండి. ఏడాది అయ్యాక ఎంత వచ్చిందో చూసి అప్పుడు మాట్లాడుకుందాం."

అలా మొదలయింది ఉత్తుత్తి వ్యాపారం. ఉత్తుత్తి పెట్టుబడి ఐదు లక్షలు. రోజూ మధ్యాహ్నం లారీలు పలచబడే వేళలో ఫోనులో ధర చూసి, కొన్నట్టు రాసుకునేవాడు. దానికి కొత్తగా షీటు తయారు చేయడం ఎందుకని ఆఫీసు కంప్యూటర్లో తూకాలు కొట్టే షీటునే ఇంకోటి చేసుకుని, లోపలి తూకాలన్నీ చెరిపేసి, పైన పేర్లు మార్చాడు. 'బండి నంబరు' ఉన్న చోట 'కంపెనీ'. 'మొదటి తూకం' ఉన్న చోట 'కొన్నది'. 'రెండో తూకం' ఉన్న చోట 'అమ్మినది'. చివర 'నికరం' అన్నది 'లాభం' అయింది. కొన్నది ఎంతకో, అమ్మినది ఎంతకో కొడితే చాలు, చివరి గడి తనంత తానే నిండుతుంది. నెలాఖరుకు ఓనరుకు చూపించే మొత్తాల షీటు కూడా వెనకాల సిద్ధంగా ఉంది. దానికీ పేరు మార్చాడు. ఇరవై రెండేళ్లుగా చెయ్యి తిరిగిన షీటు. ఎక్కడ ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలడు.

మొదటి వారం నాలుగు అమ్మకాలు. నాలుగింట్లోనూ లాభమే. ఆ వారం మా బావను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. గంటకు పదిసార్లు షీటు తెరిచి ఆ చివరి గడి చూసుకునేవాడు. రెండు లారీల చీటీలు తారుమారు చేశాడు. ఓనరు పిలిచి చీవాట్లు పెట్టాక, తన తీరు తనకు తెలుసు కాబట్టి, ఆ 'లాభం' నిలువు వరసను కనబడకుండా మూసేశాడు. డ్రైవర్లు కిటికీలోంచి తొంగిచూసి పేచీ పెట్టకుండా ఆఫీసు షీటులో అలా మూయడం ఆయనకు అలవాటే.

"రోజూ చూస్తే మనసు ఆగదురా. నెలకోసారి మొత్తం చూస్తా. మధ్యలో పోయినవి పోతాయి, వచ్చినవి వస్తాయి. మొత్తం ముఖ్యం" అన్నాడు నాతో. ఆ క్షణంలో నాకు ఎంత తెలివైన మాట అనిపించిందో! ఆయన జన్మలో తనను తాను అదుపు చేసుకోవడం అదొక్కసారే చూశాను.

మొదటి నెల మొత్తం పదిహేను వేలు. రెండో నెల పద్దెనిమిది. మూడో నెల ఇరవై ఒకటి. ఏ నెలా నష్టం రాలేదు. ఆరో నెలలో మార్కెట్ దబ్బున పడింది. మా వీధిలో మందుల షాపాయన దాచుకున్న దాంట్లో సగం పోగొట్టుకుని మంచం పట్టాడు. బావ షీటులో ఆ నెల లాభం నలభై ఆరు వేలు. అన్ని నెలల్లోకీ అదే ఎక్కువ.

"అందరూ పరిగెత్తినప్పుడు నేను నిలబడ్డాను. అదీ కిటుకు" అన్నాడు బావ కాలు ఊపుతూ. జన్మలో నిలబడి ఎరగని మనిషి ఆ మాట అన్నాడు, మేం విన్నాం, తలలు ఊపాం. నాకూ కళ్లున్నాయి. ఇంత ఇనుము కొని అమ్మిన వాణ్ని, ఊరంతా మునిగిన నెలలో ఈయనొక్కడే ఎలా తేలాడని ఒక్కసారైనా అడగలేకపోయాను. అడగకపోవడానికి కారణం ఉంది, సిగ్గుపడకుండా చెబుతాను. అప్పటికే నేను కూడా మనసులో రెండు లక్షలు లెక్కపెట్టుకుంటున్నాను. "బావా, నువ్వు నిజంగా మొదలుపెట్టిన రోజు నాదీ కలుపు" అని ముందే చెప్పుకున్నాను.

రాత్రి భోజనాలప్పుడు బావ ఆ రోజు ఏం కొన్నాడో, ఎందుకు కొన్నాడో చెప్పేవాడు. వారానికి రెండు మూడు రోజులు నేనూ అక్కడే తినేవాణ్ని. అక్క వడ్డిస్తూ, "ఎంతకి కొన్నారు? ఇవాళేనా? ఎప్పుడు అమ్ముతారు?" అని అడిగేది.

"నీకెందుకే ఈ లెక్కలు? నువ్వు అద్దాలు అరగదీసుకో" అనేవాడు బావ. నేను నవ్వేవాణ్ని. అక్క కూడా నవ్వేది. ఆ నవ్వు గురించి తరవాత చెబుతాను.

ఏడాది గడిచింది. అక్క ఇంకో రెండు నెలలు చూడమంది. ఆ రెండు నెలలూ బావ బోనులో పడ్డ పిల్లిలా తిరిగాడు. మొత్తం మూడు లక్షల పన్నెండు వేలకు చేరింది. పద్నాలుగు నెలలు, ఐదు లక్షల మీద మూడు లక్షల పైచిలుకు. ఆ అంకె చూసిన తరవాత ఆయనకు కాటా గది ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఫ్యాను చప్పుడు భరించలేనన్నాడు. లారీ ఎక్కినప్పుడల్లా తన ఎముకలు అదురుతున్నాయన్నాడు. చివరికి ఒక సోమవారం ఎవరికీ చెప్పకుండా రాజీనామా కాగితం ఓనరు బల్ల మీద పెట్టి వచ్చాడు. నెల గడువు. ఆ తరవాత ఇరవై రెండేళ్ల సర్వీసు డబ్బు ఆరు లక్షలు చేతికొస్తుంది. అది మొత్తం నిజం షేర్లలో పెట్టడం, పడకగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, ఇక జీవితమంతా దాని మీదే బతకడం. ఇదీ ఏర్పాటు.

అక్క ఆ రోజు అన్నం తినలేదు. "ఇంకో ఆరు నెలలు ఆగితే ఏమవుతుందండీ?" అని మాత్రం అంది.

"ఏమవుతుందా? నేను చచ్చిపోతా ఆ గదిలో!" అని ఒంటికాలి మీద లేచాడు బావ. "లెక్క కళ్ల ముందు కనబడుతుంటే ఇంకా దేనికి ఆగమంటావు? మిషను చెబుతోంది. నువ్వు మిషను కంటే ఎక్కువా?"

ఆవిడ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేనూ బావ పక్షమే మాట్లాడాను. నా రెండు లక్షలు నన్నలా మాట్లాడించాయి.

బావ స్థానంలో ఓనరు ఒక ఆవిడను తెచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. అంతకు ముందు కంకర క్వారీలో టోకెన్లు రాసేది. అక్కడ మానేసి, పాత జీతం కంటే కొంచెం ఎక్కువని ఇక్కడికి వచ్చింది. మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు, చేతిలో నోటు పుస్తకం. బావ ఏం చెప్పినా రాసుకునేది. రాసుకుని, చదువుకుని, ఒక ప్రశ్న అడిగేది. ఆ ప్రశ్నలకు బావ ప్రాణం విసిగిపోయేది. "ఒరేయ్, ఆవిడ ఫ్యాను స్విచ్చు ఎటు నొక్కాలో కూడా రాసుకుంటుందిరా" అని నాతో మొత్తుకున్నాడు.

ఇంకా మూడు రోజుల్లో గడువు అయిపోతుందనగా, మధ్యాహ్నం మూడింటికి నేను టెంపో తీసుకుని కాటాకు వెళ్లాను. నా తూకం అయిపోయింది. వెనకాల ఒక ఖాళీ లారీ పలక ఎక్కింది. గోదాములో దాణా బస్తాలు ఎక్కించుకుని తిరిగి వచ్చి మళ్లీ తూగవలసిన బండి. నేను చీటీ పట్టుకుని గది గుమ్మంలో నిలబడ్డాను. బావ కుర్చీ ఆవిడకిచ్చి, వెనకాల నిలబడి తాళాలు ఆడిస్తున్నాడు.

ఆవిడ ఖాళీ బండి బరువు కొట్టింది. కొట్టి, నోటు పుస్తకం తిరగేసి, ఆగింది.

"సార్, ఒక డౌటు."

"అడగమ్మా" అన్నాడు బావ, నా వైపు చూసి కళ్లు పైకెత్తుతూ.

"పొద్దున్న వచ్చిన బండ్లన్నీ లోడుతో వచ్చి ఖాళీగా పోయాయి. మొదటి తూకం పెద్దది, రెండోది చిన్నది. ఇది ఖాళీగా వచ్చి లోడుతో పోతుంది. అప్పుడు రెండోదే పెద్దది కదా. మరి నికరం తేడా కొట్టదా సార్? మైనస్ రాదా?"

బావ నవ్వాడు. చాలాకాలం తరవాత ఆయన మొహంలో హాయిగా ఉన్న నవ్వు చూశాను. తనకు బాగా తెలిసిన సంగతి ఎవరైనా అడిగితే వచ్చే నవ్వు అది.

"ఆ భయమే అక్కర్లేదమ్మా. ఈ షీటు పెట్టినతను తెలివైనవాడు. ఏది ముందు కొట్టు, ఏది వెనక కొట్టు, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తుంది అంతే. సరుకు బరువు ఎటు చూసినా సరుకు బరువే కదా! ఇరవై రెండేళ్లలో ఒక్క మైనస్ చూడలేదు నేను. ఈ షీటుకి అసలు మైనస్ అంటేనే తెలీదు."

ఆవిడ తల ఊపి, "మై-న-స్ తె-లీ-దు" అని కూడబలుక్కుంటూ పుస్తకంలో రాసుకుంది.

తాళాల చప్పుడు ఆగింది. నేను బావ కాళ్ల వైపు చూశాను. ఆయన్ను ఎరిగినన్నాళ్లలో మొదటిసారి ఆ కాళ్లు రెండూ నేల మీద కదలకుండా ఉన్నాయి. నాకు భయం వేసింది.

"లేమ్మా. ఒక్క నిమిషం లే" అన్నాడు.

కూర్చుని తన షీటు తెరిచాడు. మూసి ఉన్న 'లాభం' నిలువు వరసను తెరిచాడు. పైనుంచి కిందికి, నూట అరవై ఎన్నో గడులు. ఒక్కదాంట్లోనూ మైనస్ లేదు. వేలు పెట్టి ఒక అడ్డవరస చూపించాడు. టైర్ల కంపెనీ. కొన్నది నలభై ఎనిమిది వేలు. అమ్మినది ముప్పై తొమ్మిదిన్నర. పక్కన లాభం ఎనిమిదిన్నర వేలు.

నాకు అర్థం కావడానికి ఇంకో నిమిషం పట్టింది. ఆ మొద్దు షీటు ఆయన పోగొట్టుకున్న ప్రతి పైసానూ సంపాదన కింద కలుపుకుంటూ వచ్చింది. ఎంత ఎక్కువ పోతే అంత ఎక్కువ లాభం. మార్కెట్ మునిగిన నెలలో నలభై ఆరు వేలు ఎలా వచ్చాయో అప్పుడు తెలిసింది. మొదటి వారం నాలుగూ నిజంగా లాభాలే కావడం, ఆ తరవాత ఈయన ఆ వరస మూసేయడం, అదీ మా ఖర్మ.

కొత్తావిడ బావ భుజం మీదుగా చూస్తోంది. కళ్లజోడు పెట్టుకుంది. "సార్, అమ్మిన దాంట్లోంచి కొన్నది తీసెయ్యమని రాస్తే సరిపోతుంది కదా?" అని, వంగి తనే పై గడిలో రాసి కింది దాకా లాగింది. తెరంతా మైనస్సులు. ఆమె మొత్తం చూసి చెప్పలేక నా వైపు చూసింది. నేనే చదివాను. మూడు లక్షల పన్నెండు వేలు ఉన్న చోట మైనస్ నలభై ఒక్క వేలు.

బయట దాణా లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. ఆవిడ చీటీ చింపి కిటికీలోంచి ఇచ్చింది. ఇచ్చి, మెల్లగా అంది, "సార్, మీరు ఉండిపోతానంటే నేను ఓనరు గారితో చెబుతా. నాకేం పర్వాలేదు."

"నువ్వు క్వారీలో మానేసి వచ్చావు కదమ్మా" అన్నాడు బావ. "నీ కుర్చీలో నువ్వు కూర్చో."

నేనైతే ఆ మాట అనగలిగేవాణ్ని కాదు. నాలో ఉన్న వ్యాపారి అప్పటికే ఓనరు దగ్గర ఏం మాట్లాడాలో, ఈవిడకు ఎంత ఇచ్చి పంపేయాలో ఆలోచిస్తున్నాడు. బావ అదేమీ పట్టించుకోలేదు. లేచి, "మీ అక్క దగ్గరకి పోదాం పద" అన్నాడు.

"సాయంత్రం ఇంటికొస్తుందిగా బావా."

"సాయంత్రం దాకా ఆగలేను."

టెంపోలో దారి పొడవునా బావ కాలు ఊపలేదు. అది చూడలేక నేను హారన్ ఊరికే కొట్టుకుంటూ పోయాను. నా రెండు లక్షలు బతికిపోయాయని ఒక పక్క సంతోషం, ఆ సంతోషం కలిగినందుకు నా మీద నాకే కోపం.

కళ్లజోళ్ల షాపులో ముందు గది అంతా అద్దాలు, దీపాలు, కస్టమర్లు కూర్చునే కుర్చీలు. అక్క పని చేసేది వెనక గదిలో. మధ్యలో సగం గోడ, దాని మీద గాజు. అరగదీసే మిషను నీళ్లు చిమ్ముతూ గీమని అరుస్తోంది. బావను చూడగానే అక్క మొహం పాలిపోయింది. మిషను ఆపింది.

"ఏమైందండీ? ఒంట్లో బాగాలేదా?"

బావ చెప్పాడు. చుట్టూ తిప్పలేదు, షీటును తిట్టలేదు. లారీ బరువుకు మైనస్ ఉండదనీ, తాను అదే షీటు వాడాననీ, పోయినవన్నీ వచ్చినవిగా కలిశాయనీ చెప్పాడు. "ఉత్తుత్తి డబ్బే. నిజంది ఏం పోలేదు. ఉద్యోగం ఒక్కటే పోయింది" అన్నాడు.

అక్క తడి చేతులు తుడుచుకోవడం మరిచిపోయి అలాగే చూస్తోంది.

"టైర్ల కంపెనీ" అంది. "దాంట్లో మీకు పోయిందా?"

"పోయింది."

"రెండోసారి కొన్న పెయింటు?"

"అదీ పోయింది."

"దాణా కంపెనీ? మీరు మూడు వారాలు పట్టుకుని కూర్చున్నారే, అది?"

"అది అన్నిటికన్నా ఎక్కువ పోయింది" అని బావ ఆగాడు. "నీకివన్నీ ఎలా గుర్తున్నాయి?"

అక్క అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. గట్టిగా ఊపిరి వదిలి, "అయితే తప్పు నాది కాదన్నమాట" అంది. అని, ఏడ్చేసింది. మా అక్క ఏడవగా నేను చూసి ఇరవై ఏళ్లు దాటింది.

ఎనిమిది నెలల కిందట, ఓవర్‌టైము చేసి దాచుకున్న ముప్పై వేలతో, షాపులో లెక్కలు చూసే ఆవిడ సాయంతో ఫోనులో ఖాతా తెరిచిందట. భోజనాల దగ్గర ఆయన ఏది కొన్నానంటే మర్నాడు పొద్దున్నే అది కొనేదట. ఆయన ఏది అమ్మానంటే అది అమ్మేదట. ఉత్తుత్తిగా కాదు, నిజంగా. ఏడాది పూర్తయ్యాక లాభం చేతిలో పెట్టి ఆయన్ను ఆశ్చర్యపరచాలని.

"మీకు ప్రతి నెలా వచ్చేది. నాకు పోయేది. అదే కంపెనీ, అదే వారం. నేనే ఆలస్యంగా నొక్కానో, ఎక్కడ తప్పు చేశానో తెలిసేది కాదు. ముప్పై వేలకి ఇరవై రెండు మిగిలాయి" అంది.

"నాతో చెప్పొచ్చు కదా!"

"చెబితే నవ్వుతారనుకున్నా." ఒక్కసారి నా వైపు కూడా చూసింది. "మీ ఇద్దరూ."

చెబుతానన్న నవ్వు సంగతి ఇదే. భోజనాల దగ్గర మాతో పాటు నవ్వినప్పుడల్లా ఆవిడ చేతిలోంచి నిజం డబ్బు పోతూ ఉంది. ఆవిడ ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ షీటు గుట్టు ఎనిమిది నెలల కిందటే బయటపడేది. చెప్పనివ్వకుండా నోరు మూయించింది మేమే. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఎదుటి గోడ మీది అక్షరాల పటం చూస్తూ నిలబడ్డాను.

బావ చెయ్యి చాచాడు. "రాసి పెట్టుకున్నావా?"

అక్క సంచిలోంచి అరచేయంత పుస్తకం తీసి ఇచ్చింది. షాపులో ఫ్రేముల కొలతలు రాసుకునేలాంటిది. ప్రతి పేజీలో ఒక కంపెనీ, కొన్న ధర, అమ్మిన ధర, పక్కన ఒక ముక్క. మొత్తం పంతొమ్మిది.

బావ మొదటి పేజీ పైకి చదివాడు. "సిమెంటు. వెయ్యీ ఏడువందలు వచ్చింది. ఆయన చెప్పినట్టే చేశాను."

పేజీ తిప్పాడు. "టైర్లు. రెండు వేల మూడు వందలు పోయింది. నా తప్పు."

ఇంకో పేజీ. "పెయింటు. పన్నెండు వందలు పోయింది. నా తప్పు."

"మనసులో చదువుకోండి" అంది అక్క, చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ. "ఉద్యోగం గురించి బెంగ పెట్టుకోకండి, ఊళ్లో ఇంకో నాలుగు కాటాలున్నాయి. ఆ పుస్తకం ఇటివ్వండి."

ఆయన ఇవ్వలేదు. నిలబడ్డ చోటే నిలబడి, ఒక్కొక్క పేజీ తిప్పుతూ, వచ్చిన చోట ఆయన చెప్పినట్టే చేశాను అని, పోయిన చోట నా తప్పు అని, ఆవిడ రాసినవి రాసినట్టు చదువుకుంటూ పోయాడు. గాజు అవతల కుర్చీల్లో కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూస్తున్నారు. అక్క రెండుసార్లు చెయ్యి పట్టుకుని లాగింది.

"చాలండీ, అందరూ వింటున్నారు."

"విననీ" అని, బావ దాణా కంపెనీ పేజీ తిప్పాడు. "మూడు వేల వంద పోయింది. నా తప్పు."